గ్రామసభలో అడగాలా, ప్రజావాణిలో అర్జీ పెట్టాలా?

తెలంగాణ పల్లెల్లో ఏ సమస్య వచ్చినా చాలామంది సోమవారం కలెక్టరేట్‌కే బస్సెక్కుతారు. అక్కడ ఆ రోజు అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమమే ప్రజావాణి. అందులో ఇచ్చిన అర్జీ సంబంధిత శాఖకు వెళ్తుంది. ఆగిన వితంతు పింఛను, భూమి రికార్డులో తప్పు లాంటి ఒక ఇంటి కష్టానికి ఇది సరైన దారే. కాకపోతే ఆ రోజు కూలి పోతుంది.

అంగన్‌వాడీకి నీళ్ల కుళాయి లేకపోవడం మాత్రం వాడకట్టు మొత్తం బాధ. దాన్ని గ్రామసభలోనే అడగాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా సభ జరపాలి. ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. తల్లులంతా కలిసి వెళ్లండి. ఒక్కరే అడిగితే ఏదో సర్దిచెప్పి కూర్చోబెడతారు. పదిమంది లేచి నిలబడితే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పాల్సిందే. తీర్మానం పుస్తకంలో రాసి, చదివి వినిపించేదాకా కదలొద్దు. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు పెట్టించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దానికి అస్సలు ఒప్పుకోవద్దు.

నన్నడిగితే ముందు గ్రామసభే. తీర్మానమయ్యాక కూడా పని కదలకపోతే, దాని నకలు జతచేసి అప్పుడు ప్రజావాణికి వెళ్లండి.