ఐదో సింఫనీ, ఒక్క పియానో, మధ్యలో ఒక తెగుడు

బీథోవెన్ తొమ్మిది సింఫనీలను, ఆర్కెస్ట్రా అంతా వాయించేదాన్ని ఒక్క పియానోకి కుదించి, పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్ రాసిన ప్రతులకు పరిచయం అక్కర్లేదు. ఈ రికార్డింగుల జోలికి వచ్చేవాళ్ళకు ఆ సంగతులన్నీ తెలిసే ఉంటాయి. నాలుగైదు సెట్లు ఏళ్ళ తరబడి విన్నాక నా దగ్గర మిగిలిన గీటురాయి ఒక్కటే: ఐదో సింఫనీలో స్కెర్జో (మూడో భాగం) చివరి నుంచి ఫినాలె (ఆఖరి భాగం)లోకి దాటించే ఆ యాభై బార్లు, అంటే యాభై తాళపు ఆవృతాలు. కొత్త రికార్డింగు ఏది దొరికినా ముందు అక్కడికే వెళ్తాను. అక్కడ నిలబడితేనే మిగతాది వింటాను.

పియానోకి అంతకన్నా గడ్డు చోటు ఇంకోటి లేదు. ఆర్కెస్ట్రాలో తీగవాద్యాలు ఊపిరి బిగబట్టినట్టు ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) పట్టుకుని ఉంటే, కింద టింపనీ డోలు ఒక్క సి స్వరాన్నే మెల్లగా తడుతూ ఉంటుంది. తర్వాత వయొలిన్లు కదిలినా అంతా గుసగుసే. శబ్దం పెరిగేది చివరి ఎనిమిది బార్లలోనే. కమాను స్వరాన్ని ఎంతసేపైనా నిలబెడుతుంది. పియానో స్వరం మాత్రం సుత్తి తగిలిన క్షణం నుంచే కరిగిపోతుంది. దాన్ని బతికించడానికి ఉన్నవి మూడు దారులు, మూడింటికీ తలో జబ్బు. స్వరాన్ని మోగనిచ్చే పెడల్ తొక్కి ఉంచితే టింపనీ తట్లు ఒకదాన్లో ఒకటి కలిసి హోరవుతాయి. కార్డ్‌ను మళ్ళీ కొడితే ఆ దెబ్బ కూడా ఇంకో టింపనీ తట్టులాగే వినిపిస్తుంది. ట్రెమోలో (స్వరాలను వేగంగా మార్చిమార్చి కొట్టడం) అడుగు స్థాయిలో వాడితే బురదే. చెయ్యి తిరిగినవాళ్ళు తట్టే వేలిని పొడిగా, పట్టే వేళ్ళను మెత్తగా ఉంచి, పెడల్‌ను పూర్తిగా వదలకుండా సగం ఎత్తి దించుతూ నెట్టుకొస్తారు. భయపడేవాళ్ళు శబ్దం చచ్చిపోతుందేమోనని ఇరవై బార్లు ముందే పెంచడం మొదలుపెడతారు. తీరా ఫినాలె వచ్చేసరికి పెంచడానికి ఏమీ మిగలదు.

ఇంత కష్టపడి వాయించినదాన్ని వినిపించే ప్లేయర్ పాడుచేస్తుంది. నా కోపమంతా దాని మీదే. స్కెర్జో ఒక ట్రాకు, ఫినాలె ఇంకో ట్రాకు. బీథోవెన్ వాటి మధ్య విరామం ఉంచలేదు. ప్లేయర్ మాత్రం రెప్పపాటు ఆగుతుంది. పంటి కింద రాయి! ఆర్కెస్ట్రా రికార్డింగులోనూ ఇది బాధే, కానీ పియానోలో భరించలేం. పెడల్ కింద ఇంకా మోగుతున్న జి సెవెన్త్ కార్డ్ కత్తితో కోసినట్టు తెగుతుంది, టక్కుమంటుంది, ఆ తర్వాత ఫినాలె మొదలయ్యే సి మేజర్ కార్డ్ దేనితోనూ సంబంధం లేనట్టు ఊడిపడుతుంది.

ఎంపీ3 ఫైలైతే కారణం సులువు. ఆ పద్ధతిలో సంగీతాన్ని 1152 శాంపిళ్ళ (శబ్దాన్ని కొలిచిన చిన్న చిన్న అంకెల) ముక్కలుగా సర్దుతారు. సెకనుకు 44,100 శాంపిళ్ళ లెక్కన ఒక్కో ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. ట్రాకు సరిగ్గా ముక్క అంచున ముగియదు కాబట్టి చివరి ముక్కలో మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతారు. ఎంపీ3ని తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఎన్‌కోడర్, మొదట్లో కూడా కొంత నిశ్శబ్దం చేరుస్తుంది. ఎంత కోసెయ్యాలో లేమ్ లాంటి ఎన్‌కోడర్లు ఫైల్లోనే ఒక చిన్న ట్యాగులో రాసిపెడతాయి. దాన్ని చదివే ప్లేయర్‌లో అతుకు తెలియదు. ఆ ఫైలును ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ మార్చారా, లెక్క పోయి నిశ్శబ్దం లోపలే గడ్డకట్టుకుపోతుంది. శబ్దంలో ఏమీ పోగొట్టకుండా దాచే ఫ్లాక్ ఫైలుకు ఈ రోగం లేదు, శాంపిళ్ళ సంఖ్య ఉన్నదున్నట్టు ఉంటుంది. అయినా మొదటి ఫైలు పూర్తయ్యాక గానీ రెండోది తెరవని ప్లేయరైతే ఫ్లాక్ కూడా ఏమీ చెయ్యలేదు.

పరీక్షించాలంటే స్కెర్జో చివరి ముప్పై సెకన్లకు జరిపి, ఏ బటనూ ముట్టుకోకుండా వదిలెయ్యండి. తేడా వినిపిస్తే ముందు క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకును తగ్గిస్తూ తర్వాతిదాన్ని అందులో కలిపే సెట్టింగు) చూడండి, అది సున్నాలో ఉండాలి. ఐదు సెకన్లు పెట్టి ఉంటే ఇంకా ఘోరం: పియానో పెరగాల్సిన బార్లలోనే ప్లేయర్ శబ్దం తగ్గిస్తుంది. తర్వాత ట్రాకుల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ ఆన్ చెయ్యండి. శబ్దం సమం చేసే సెట్టింగు ట్రాకు లెక్కన ఉంటే ఆల్బమ్ లెక్కకు మార్చండి, లేదా తీసెయ్యండి. ట్రాకు లెక్కన ఉంటే గుసగుసల స్కెర్జోను పైకి లాగి, ఫినాలెను కిందికి తొక్కి రెండింటినీ ఒక్క ఎత్తున నిలబెడుతుంది. నిశ్శబ్దాన్ని దాటేసే సెట్టింగు ఉంటే దాన్నీ ఆపెయ్యాలి, ప్రసంగాలకు పనికొస్తుందేమో గానీ సంగీతానికి కాదు. ఇవన్నీ అయ్యాక కూడా తెగుతుంటే సీడీ నుంచి ఆ రెండు ట్రాకులనూ కలిపి ఒకే ఫ్లాక్ ఫైలుగా తీసుకోవడమే మందు. ఉన్న ఎంపీ3లను అతికిస్తే లాభం లేదు. ఆరో సింఫనీలో మూడు, నాలుగు, ఐదు మూవ్‌మెంట్లు (భాగాలు) ఇలాగే కలిసి నడుస్తాయి, అక్కడ రెండు అతుకులు.

ఇంత తిట్టినా ఈ ప్రతులను వదలకపోవడానికి కారణం, కరిగిపోయే గుణమే కొన్నిచోట్ల వరమవడం. ఏడో సింఫనీ రెండో భాగం అలెగ్రెట్టో గాలివాద్యాల కార్డ్‌తో మొదలవుతుంది, గట్టిగా వచ్చి సన్నగిల్లాలి. ఆర్కెస్ట్రాలో అందరూ శ్వాస అదుపులో పెట్టుకుని సాధించేది పియానో ఊరికే ఇచ్చేస్తుంది. ఐదో సింఫనీ స్కెర్జో మధ్యలో చెల్లోలూ డబుల్ బేసులూ పరుగెత్తే చోట కూడా అంతే. ఆర్కెస్ట్రాలో అది గుర్రుమనే పరుగు. పియానోలో ఒక్కో స్వరం లెక్కపెట్టుకోవచ్చు. ఆరోదాని తుఫానులో మాత్రం పప్పులుడకవు. చెల్లోలు అయిదేసి, బేసులు నాలుగేసి స్వరాలు ఒకేసారి వాయిస్తూ కావాలనే రేపే గందరగోళం అది. రెండు చేతుల్లో వట్టి గరగరగా మిగులుతుంది.

ఇక ఎవరిది వినాలి? 1968లో వచ్చిన గ్లెన్ గూల్డ్ ఐదో సింఫనీ పొడిపొడిగా, ఎముకలు కనబడేలా ఉంటుంది. వాయిస్తూ ఆయన తీసే కూనిరాగం వినబడుతుంది, అది ఇష్టం లేనివాళ్ళు దూరంగా ఉండొచ్చు. సిప్రియన్ కత్సారిస్ సెట్టును చాలాకాలం అందరికీ మొదటిదిగా చెప్పాను. లిస్ట్ వదిలేసిన లోపలి వరసలను కూడా ఆయన మళ్ళీ చేరుస్తాడు, మొదటిసారి వింటే నోరెళ్ళబెడతాం. ఇప్పుడు కూడా చెబుతాను, కాకపోతే వరసగా రెండు సింఫనీలు వద్దంటాను. అన్నీ వినబడుతుంటే ఏది ముఖ్యమో చెవికి తెలియదు. ఈమధ్య ఎక్కువసార్లు వింటున్నది కాన్‌స్టాంటిన్ షెర్బకోవ్‌ని. మెరుపులు తక్కువ, నడక నిలకడ. యూరీ మార్తినోవ్ లిస్ట్ కాలపు ఎరార్, బ్లూట్నర్ పియానోలు వాడాడు. పాత ఎరార్‌లో అడుగు స్వరం త్వరగా విడిపోతుంది కాబట్టి ట్రెమోలో బురద బాగా తగ్గుతుంది, పైస్థాయి మాత్రం పలుచన. నేను వినేది హెడ్‌ఫోన్లలో, తక్కువ శబ్దంతో; పెద్ద గదిలో పెద్ద స్పీకర్లు ఉన్నవాళ్ళకు ఇదే వరస తలకిందులవచ్చు. ఆర్కెస్ట్రా రూపం బాగా పరిచయం లేనివాళ్ళకైతే ఈ సెట్లలో ఏదీ మొదటి కొనుగోలుగా చెప్పను.

తొమ్మిదోది ఎవరిది కొనాలో మాత్రం అడక్కండి. కోరస్ ఉన్న ఆఖరి మూవ్‌మెంట్ రెండు చేతులకు లొంగదని లిస్టే మొదట మొరాయించాడు, ప్రచురణకర్త పట్టుబట్టాక గానీ రాయలేదు. రెండు పియానోలకు అంతకు ముందే 1851లో రాసినది ఉంది, దానికి ఊపిరాడుతుంది. ఒక్క పియానో రికార్డింగులో నేను మూడో మూవ్‌మెంట్‌తో ఆపేస్తాను. అక్కడ అతుకు గొడవ కూడా లేదు.