తిరుపతిలో పైన్ కాయల సంచులు కొనేవారికి హెచ్చరిక

భోగి దగ్గర పడుతోంది కాబట్టి ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. తిరుపతిలో ఒక దుకాణంవారు పొయ్యి రాజేయడానికి పనికొస్తాయంటూ రెండు కిలోల పైన్ కాయల (పైన్ చెట్టుకు కాసే, చెక్కలాంటి రేకులున్న కాయలు) సంచిని 380 రూపాయలకు అమ్ముతున్నారు. పెరట్లో ఉన్న రాగి బాయిలర్‌కు కిరోసిన్ అవసరం లేకుండా మంట పెట్టుకోవచ్చని అమ్మ ఇష్టపడి తెప్పించింది. దయచేసి అలాంటి సంచి కొనకండి. కొని ఉంటే, వాడకముందే మొత్తం కుమ్మరించి చూడండి.

మా సంచిలో పైన ఉన్న కాయలు బాగున్నాయి. పెద్దవి, పొడిగా ఉన్నాయి, రేకులు పూర్తిగా విచ్చుకున్నాయి. వాటి కింద ఉన్నవన్నీ మూసుకుపోయి, చేతికి బరువుగా, చల్లగా తగిలాయి. పైన్ కాయ ఎండితే విచ్చుకుంటుంది, తడిస్తే ముడుచుకుంటుంది. చెట్టు మీద ఉన్నప్పుడు కూడా పొడి గాలికి విచ్చుకుని గింజలు వదులుతుంది. కాబట్టి ముడుచుకున్న కాయ పచ్చిదైనా అయి ఉండాలి, తడిసిందైనా అయి ఉండాలి. రెండూ మంటకు పనికిరావు. మిద్దె మీద ఎండబెడితే అవి విచ్చుకున్నాయి, సంచి బరువు మాత్రం కిలోన్నరకు దిగింది. అంటే అరకిలో నీళ్లకు మేము డబ్బు కట్టాం.

అంతవరకే అయితే నష్టం డబ్బుతో పోయేది. సంచి అడుగున ఉన్నవి అసలు మంటలో వేయకూడని కాయలు. కొన్నింటి రేకుల చివర తెల్ల రంగు ఉంది, కొన్ని వార్నిష్ పూతతో నిగనిగలాడుతున్నాయి. క్రిస్మస్ అలంకరణకు తయారైన సరుకు ఇది. మసక వెలుతురులో అమ్మ వాటిని కూడా బాయిలర్‌లో వేసింది. ఘాటైన పొగ పెరడంతా కమ్మేసింది. ఉబ్బసం ఉన్న నాన్న ఆ రాత్రంతా దగ్గుతూనే ఉన్నారు.

కొన్ని కాయలు ఆకుపచ్చ మంటతో మండాయి. మామూలు పైన్ కాయ కట్టెలాగే పసుపు మంటతో మండుతుంది. ఆకుపచ్చ రంగు వచ్చిందంటే రాగి లవణంలోనో, బోరాన్ లవణంలోనో నానబెట్టి ఆరబెట్టారన్నమాట. చలిమంటలు రంగురంగుల్లో కనిపించాలని విదేశాల్లో ఇలా చేస్తారు, మైలుతుత్తం అనే రాగి లవణం కూడా అందుకు వాడతారు. మన రైతులు తోటల్లో పిచికారీ చేసే బోర్డో మిశ్రమంలో కలిపేది అదే. అది కడుపులోకి పోతే విషం. మంటలో రాగి మాయమైపోదు, బూడిదలో మిగులుతుంది. నాకు ఎక్కువ భయం కలిగించింది ఆ బూడిదే. మా ఇంట్లో బాయిలర్ బూడిదతోనే అంట్లు తోముతారు, మిగిలింది కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తారు. చిత్తూరు వైపు పల్లెల్లో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఇదే అలవాటు. ఆ బూడిదను మూటగట్టి పక్కన పెట్టించాను. ఇలాంటి కాయలు మీరు కాల్చి ఉంటే ఆ బూడిదను అంట్లకు, మొక్కలకు వాడకండి.

దుకాణానికి వెళ్లి అడిగితే ఇవి శేషాచలం కొండల నుంచి వచ్చాయని చెప్పారు. ఇది అబద్ధం. శేషాచలం ఎర్రచందనం పెరిగే పొడి అడవి, అక్కడ పైన్ సహజంగా పెరగదు. దక్షిణాదిలో ఊటీ, కొడైకెనాల్ వంటి చోట్ల కనిపించేవి మనుషులు నాటినవి. మనకు ఎక్కువగా తెలిసిన చిర్ పైన్ హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలది. పైగా శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించిన అడవి. ఆ మాట నిజమే అయితే, అక్కడి నుంచి అనుమతి లేకుండా తెచ్చి అమ్మడం మరింత పెద్ద తప్పు.

పైన్ కాయనే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బాగా ఎండిన, రంగు లేని కాయలో జిగురు ఉంటుంది, రేకుల మధ్య గాలి ఆడుతుంది, అందుకే అగ్గిపుల్లకే అంటుకుంటుంది. కానీ కొద్ది నిమిషాలే మండుతుంది, రాజేయడానికి తప్ప వంటచెరకుగా పనికిరాదు. ఆ జిగురు వల్ల బాయిలర్ గొట్టం లోపల మసి కూడా త్వరగా పేరుకుంటుంది, దాన్ని గీకి తీయాలి. జొన్నరొట్టె, వంకాయ లాంటివి నేరుగా కాల్చుకునే మంటలో మాత్రం వద్దు. భోగి మంటలో పిల్లల చేత వేయించకండి, తడి కాయలు చిటపటమంటూ నిప్పురవ్వలు ఎగరేస్తాయి.

నన్నడిగితే కొబ్బరి పీచు, చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు ఉండగా మనకు ఇవి అవసరమే లేదు. సరుగుడు తోట దగ్గర్లో ఉంటే రాలిన కాయలు ఏరుకోవచ్చు. చూడటానికి చిన్న పైన్ కాయల్లా ఉంటాయి కానీ సరుగుడు వేరే జాతి చెట్టు.

మా సంచి మీద ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, తేదీ, నికర బరువు, గరిష్ఠ ధర ఏవీ లేవు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవి ఉండాలని తూనికలు, కొలతల చట్టం చెబుతోంది. దుకాణంవారు బిల్లు ఇవ్వలేదు, డబ్బు వెనక్కి ఇవ్వడానికీ ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. సంచి, కాయల ఫొటోలు భద్రంగా ఉంచాను. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఇలాంటి సంచి కొన్నవారుంటే మీరూ ఫొటోలు తీసి ఉంచండి, నాకు రాయండి. తూనికలు, కొలతల శాఖకు అందరం కలిసి ఫిర్యాదు ఇద్దాం.