రాయి లోడుకు ఏ లైనర్ నిలబడింది? ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

బ్రేక్ లైనర్ల మాట రాగానే లారీ యజమానులు మొదట అడిగేది ‘ఎన్నాళ్లు వస్తాయి?’ అని. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ బ్లాకులు తోలే పన్నెండు చక్రాల లారీలను ఏళ్ల తరబడి నడిపిస్తున్నాను. నా మాట ఏమిటంటే, ఎక్కువకాలం మన్నే లైనరే మంచి లైనర్ అనుకోవడం సరికాదు. డ్రమ్మును ఎలా ఉంచింది, ఘాట్ దిగేసరికి పెడల్ కింద ఎంత పట్టు మిగిల్చింది, ఈ రెండూ చూసే లైనర్ మంచిచెడ్డలు తేల్చాలి.

ముందు ఒక సంగతి. దుకాణంలో చాలామంది బ్రేక్ ప్యాడ్లు అని అడుగుతారు. మన లారీల్లో ఎక్కువ వాటికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె డ్రమ్ము, బ్రేకు వేసినప్పుడు లోపలి నుంచి దానికి ఒత్తుకునే వంపు ముక్కలు షూలు. ఆ షూలకు రివెట్లతో బిగించేవి లైనర్లు. ప్యాడ్లు డిస్క్ బ్రేకులున్న బస్సులకు, కొన్ని కొత్త బండ్లకు వస్తాయి. నేను వాడింది ఎక్కువగా లైనర్లే కాబట్టి వాటి గురించే వివరంగా రాస్తున్నాను.

మన్నిక మీద నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో సెకండ్ హ్యాండులో కొన్న ఒక బండి చూపించింది. పేరూ ఊరూ లేని గట్టి లైనర్లు వేసి అమ్మారు. ‘ఇవి అరగవండీ’ అని పాత యజమాని గొప్పగా చెప్పాడు. నిజంగానే అరగలేదు. నెల్లూరు ఆటోనగర్‌లో వెనక యాక్సిల్ (ఇరుసు) డ్రమ్ములు దింపించి లోపల వేలు పెట్టి చూశాను. గోరు ఇరుక్కునేంత లోతుగా చుట్టూ గాళ్లు పడ్డాయి. వాటికి అడ్డంగా వెంట్రుకల్లాంటి పగుళ్లు. అక్కడక్కడా నీలం రంగు తిరిగిన మచ్చలు. లైనర్ పైభాగం అద్దంలా మెరుస్తోంది. మేస్త్రీ షూను పక్కన పెట్టి, ‘లైనర్ మిగిలింది అన్నా, డ్రమ్ము పోయింది’ అన్నాడు. నీలం మచ్చలంటే ఇనుము విపరీతంగా వేడెక్కి చల్లారిన గుర్తులు. పగుళ్లు అంత ఎక్కువగా ఉంటే లేతు యంత్రం మీద సాపు చేయించినా ప్రయోజనం లేదు. సాపు చేయించిన కొద్దీ డ్రమ్ము లోపలి వ్యాసం పెరుగుతుంది, గోడ పలచబడుతుంది. కంపెనీ చెప్పిన గరిష్ఠ కొలత దాటితే దాన్ని పక్కన పడేయాల్సిందే. ఒక డ్రమ్ము ధర లైనర్ల ధర కంటే ఎంత ఎక్కువో లారీ ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. అందుకే లైనర్ ధరను, దాని కింద అరిగిపోయే డ్రమ్ము ధరను కలిపే లెక్క కట్టాలి.

రాయి లోడుకు ఇంకో ఇబ్బంది ఉంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఘనపు మీటరుకు మూడు టన్నులకు కాస్త తక్కువ తూగుతుంది. చెక్క చీలలు కొట్టి గొలుసులు బిగించినా, బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తే బ్లాకు ముందుకు జరగాలనే చూస్తుంది. ముందున్నది డ్రైవర్ క్యాబిన్. కాబట్టి పెడల్ ముట్టుకోగానే కరిచేసే లైనర్ మాకు పనికిరాదు. కాలు ఎంత నొక్కితే అంతే ఆగాలి, చివరి వరకూ పట్టు తగ్గకూడదు. మా డ్రైవర్లలో పెద్దవాడు కొత్త లైనర్లు వేశాక బండిని ఖాళీగా తిప్పి చూడడు. లోడుతో సింగరాయకొండ దాకా పోయి వచ్చాకే ‘కుదిరింది అన్నా’ అంటాడు. నేను ఆయన మాటకు ఎంతో విలువ ఇస్తాను, ఎందుకంటే ఆ బ్లాకుకు ముందు కూర్చునేది ఆయనే.

లైనర్ అంచు మీద ముద్రించే రెండు ఇంగ్లీషు అక్షరాలను చాలామంది పట్టించుకోరు. అవి రాపిడి పట్టును చెబుతాయి. ‘ఈ’ (E) అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35 వరకు, ‘ఎఫ్’ (F) అంటే 0.35 నుంచి 0.45 వరకు, ‘జీ’ (G) అంటే 0.45 నుంచి 0.55 వరకు. అంకె పెరిగితే పట్టు పెరిగినట్టు. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. కాబట్టి చూడాల్సింది ముఖ్యంగా రెండో అక్షరం. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కిన కొద్దీ పట్టు సడలుతుందని అర్థం. ఎఫ్ఎఫ్ అంటే వేడిలోనూ అదే తరగతిలో ఉంటుంది. జీజీ కనబడగానే ఇంకా గొప్పదని ఎగబడే వారున్నారు. బండి కంపెనీ ఎఫ్ఎఫ్‌కు సరిపోయేలా బ్రేకులు తయారుచేస్తే, మనం ఒక యాక్సిల్‌కు జీజీ వేయడమంటే దానితో ఎక్కువ పని చేయిస్తున్నట్టే. అప్పుడు ఆ యాక్సిల్ ముందు కాగుతుంది, ముందు అరుగుతుంది. మరో మాట. ఆ అక్షరాలు ఒక అంగుళం చదరపు ముక్కను ప్రయోగశాలలో పరీక్షించి ఇచ్చినవి. రెండు కంపెనీల ఎఫ్ఎఫ్ లైనర్లు మీ బండిలో ఒకేలా పనిచేస్తాయని వాటిని బట్టి చెప్పలేం. అక్షరాలు లేని లైనర్‌ను మాత్రం నేను షెడ్డులోకి రానివ్వను.

వేడి ఎంతో ఊహకు అందాలంటే చిన్న లెక్క చాలు. 35 టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తితో సుమారు 350 లీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచవచ్చు. ఇంజిన్, దాని పొగను అడ్డుకుని బండిని నిదానింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు కొంత పంచుకుంటాయి. మిగిలినదంతా డ్రమ్ముల్లోనే వేడిగా మారాలి. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం టాండెమ్ యాక్సిల్ (దగ్గరదగ్గరగా ఉండే జంట ఇరుసులు) మీద పడే బరువు పరిమితిని 19 టన్నుల నుంచి 21 టన్నులకు పెంచింది. ఆ అదనపు బరువును ఆపాల్సిందీ ఈ లైనర్లే.

మాకు రేవు దారిలో ఘాట్ లేదు. జాతీయ రహదారి మీద టోల్ గేట్లు, ఊళ్ల దగ్గర అడ్డం వచ్చే ట్రాక్టర్లు, బైకులు, అంతే. అసలు పరీక్ష పాలిష్ పలకల లోడుతో పొదిలి, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల పోయేటప్పుడు నల్లమలలో వస్తుంది. చవక లైనర్లున్న బండి దిగేటప్పుడు మొదటి మలుపుల్లో బాగానే ఆగుతుంది. కాసేపటికి కాలిన జిగురు వాసన మొదలవుతుంది. లైనర్‌లోని పొడులన్నిటినీ కలిపి పట్టి ఉంచేది రెసిన్. మితిమీరి కాగితే అది వాయువు వదులుతుంది, లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య పట్టు తగ్గిపోతుంది. పైగా వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తుంది, షూ ఇంకా దూరం జరిగితేగానీ తగలదు. పెడల్ నొక్కుతున్నా బండి వినదు. పేరున్న లైనర్లు కూడా వాసన వస్తాయి, కాకపోతే చాలా ఆలస్యంగా వస్తాయి, చల్లారాక మళ్లీ మునుపటి పట్టుకు వస్తాయి. చల్లారిన తర్వాత పట్టు తిరిగి రాని లైనర్‌ను నేను రెండోసారి కొనలేదు. ఏ లైనర్ వేసినా చిన్న గేరులో దిగాలన్న నియమం మాత్రం మారదు.

సముద్రం పక్కన తిరిగే బండ్లకు ఇంకో బెడద తుప్పు. దీని గురించి బయటివారు పెద్దగా మాట్లాడరు. రేవు దగ్గర ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. షూ ఇనుప రేకుకూ లైనర్‌కూ మధ్య తడి చేరి తుప్పు పొరలు కడుతుంది. తుప్పు ఉబ్బి లైనర్‌ను రివెట్ల మధ్య పైకి లేపుతుంది. చివరికి లైనర్ రివెట్ రంధ్రాల దగ్గర విరుగుతుంది. లైనర్ మందం బాగానే ఉందని ఊరుకుంటే ఇది కనబడదు. అంచు నుంచి టార్చి వేసి చూడాలి. పాత షూ మీద తుప్పు పూర్తిగా గీకించి, గుంటలు పడలేదని చూసుకుని, పెయింటు వేయించాకే కొత్త లైనర్ కొట్టించాలి. ఇది ఖర్చుకు వెనకాడాల్సిన పని కాదు. తుప్పు మీద కొట్టిన లైనర్ ఎంత మంచి కంపెనీదైనా వానాకాలం దాటడం కష్టం.

ఇక ఏది కొనాలి? బండి కంపెనీ సొంత పెట్టెలో వచ్చేవి వాడాను. చెన్నైకి చెందిన రానే, సుందరం బ్రేక్ లైనింగ్స్ సరుకూ వాడాను. రాయి లోడుకు మూడూ నిలబడ్డాయి. కంపెనీ పెట్టె ధర ఎక్కువ, కొత్త బండికి మొదట్లో అదే వేయించడం మేలు. ఆ తర్వాత పేరున్న లైనర్ తయారీదారు సరుకు నేరుగా కొంటే డబ్బు కలిసొస్తుంది. నా బండ్లలో పనితనంలో తేడా కనబడలేదు. డ్రమ్ములు నునుపుగా, గాళ్లు లేకుండా ఉన్నాయి. లైనర్లు గట్టి రకం కంటే త్వరగా అరిగిన మాట నిజమే. ఆ అరుగుదల డ్రమ్మును కాపాడిన అరుగుదల కాబట్టి నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదంతా నకిలీల మీద. పేరున్న పెట్టెలో పేరులేని సరుకు పెట్టి అమ్మే వారున్నారు. అందుకే పెట్టెను చూసి కొనను, దుకాణంలోనే విప్పిస్తాను. లైనర్ అంచు మీద కంపెనీ గుర్తు, గ్రేడు (పైన చెప్పిన రెండక్షరాలు), బ్యాచ్ నంబరు స్పష్టంగా ఉండాలి. వేలితో రుద్దితే చెరిగిపోకూడదు. ఒకే సెట్టులోని లైనర్ల మందం వెర్నియర్‌తో కొలిస్తే తేడా రాకూడదు. రివెట్ రంధ్రాల లోతు అన్నింటికీ ఒకటే ఉండాలి. ఆ తర్వాత లైనర్‌ను షూ మీద ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాను. మధ్యలో వెలుగు చీలిక కనబడితే వంపు సరిపోలేదన్నమాట. అలాంటిదాన్ని రివెట్లతో లాగి కూర్చోబెడితే తర్వాత పగులుతుంది. దుకాణదారు విసుక్కున్నా ఈ పని మానను. బిల్లు తీసుకోవడమూ మానను. బిల్లు ఇవ్వని చోట సరుకు మార్పించుకోలేం.

బిగించేటప్పుడు మేస్త్రీ పక్కన నిలబడండి. రివెట్లు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు చివర్లకు పోవాలి. చివర్ల నుంచి మొదలుపెడితే లైనర్ మధ్యలో ఉబ్బుతుంది. ఒక యాక్సిల్‌కు రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే గ్రేడు వేయాలి. ఒక వైపు మాత్రమే మార్చితే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. సాపు చేయించిన డ్రమ్ముకు మామూలు కొలత కాకుండా ఓవర్‌సైజు లైనర్ కావాలా అని అడిగి తేల్చుకోండి. చక్రం మధ్యలో గ్రీజును ఆపే హబ్ సీలు కారి గ్రీజు పట్టిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. గ్రీజు లోపలికి ఇంకిపోతుంది. వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. సీలు మార్చి, రెండు వైపులా లైనర్లు మార్చడమే మార్గం. లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య ఖాళీని సరిచేసే స్లాక్ అడ్జస్టర్ సరిగా లేకపోతే ఎంత మంచి లైనర్ వేసినా డబ్బు వృథా. కొత్త లైనర్లు డ్రమ్ముకు ఒదిగేదాకా డ్రైవర్‌ను మెల్లగా, విడివిడిగా బ్రేకులు వేయమనండి. మొదటి లోడే ఘాట్‌కు పంపవద్దు.

షెడ్డులో పనిచేసే కుర్రాళ్ల గురించి కూడా చెప్పాలి. డ్రమ్ము దింపగానే గాలి పైపుతో దుమ్ము ఊదేయడం అలవాటు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బుగా, కేన్సర్‌గా బయటపడుతుంది. నేను తడిగుడ్డతో తుడిపిస్తాను, మాస్కులు నేనే తీసుకెళ్తాను. కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేదని ముద్రించినదే అడుగుతాను. వాళ్లు రోజంతా ఆ దుమ్ములోనే ఉంటారు, మనం ఏడాదికి కొన్నిసార్లు వెళ్తాం.

ప్యాడ్ల విషయానికొస్తే, మా బంధువు నడిపే స్టాఫ్ బస్సులో చూసినంతవరకు సూత్రం ఇదే. అదనంగా వెనక ఇనుప పలక వంగకుండా ఉందా, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్నులు సులభంగా జరుగుతున్నాయా చూడాలి. పిన్ను బిగుసుకుంటే ఒక ప్యాడు పూర్తిగా అరిగి, జత ప్యాడు కొత్తదానిలా ఉంటుంది. అప్పుడు ప్యాడు మీద నెపం వేసి లాభం లేదు. యూరప్ నిబంధన ఆర్90 గుర్తు ఉన్న ప్యాడ్లు దొరికితే తీసుకోవచ్చు. అసలు కంపెనీ ప్యాడుకు దగ్గరగా ఆగుతుందని పరీక్షించి ఇచ్చే గుర్తు అది.

ఖాళీ బండి, తేలిక లోడు, ఊళ్లో తిరుగుడు మాత్రమే ఉన్నవారికి ఇంత వెతుకులాట అవసరం ఉండకపోవచ్చు. పేరున్న కంపెనీ మామూలు రకం చాలు. రాయి, ఇసుక, బొగ్గు తోలేవారు, నల్లమల దాటేవారు మాత్రం ఈసారి లైనర్లు మార్చేటప్పుడు పాత డ్రమ్ము లోపల వేలు పెట్టి చూసి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లండి.