ఓళిగల పూర్ణానికి రాతి గ్రైండర్: కొన్నేళ్ళు వాడాక నా మాట

దోసెపిండి గురించి ఇక్కడ రాయడం లేదు. టేబుల్ టాప్ గ్రైండర్‌లో దోసెపిండి బాగా వస్తుందని కొత్తగా చెప్పేదేముంది, కోయంబత్తూరు గ్రైండర్లకు భౌగోళిక గుర్తింపే ఉంది. నేను చెప్పేది ఓళిగల, అంటే బొబ్బట్ల, పూర్ణం సంగతి. మాది అనంతపురం, ఉగాది అంటే ముందు ఓళిగలు, తర్వాతే పచ్చడి. మా ఇంట్లో పై పిండి కలపడం, ఓళిగలు తట్టడం మా ఆవిడ చేస్తుంది, పెనం దగ్గర అమ్మ కూర్చుంటుంది, పూర్ణం రుబ్బే డ్యూటీ మాత్రం ఎప్పటినుంచో నాదే. అందుకే ఈ రెండు లీటర్ల గ్రైండర్ మీద నాకున్నంత ప్రేమ, కోపం ఇంట్లో ఇంకెవరికీ లేవు.

మిక్సీలో పూర్ణం వేసిన వాళ్ళకు నా బాధ తెలుస్తుంది. ఉడికిన శనగబేడలు (శనగపప్పు), బెల్లం కలిసి ముద్దగా ఉంటాయి కదా, బ్లేడు ఒక్క రౌండు తిరగ్గానే చుట్టూ గుహలాగా ఖాళీ ఏర్పడి, బ్లేడు తన పాటికి తాను గాల్లో తిరుగుతుంటుంది, పైన పూర్ణం కదలదు. మూత తీసి గరిటెతో కిందికి నెట్టు, మళ్ళీ వెయ్యి, మళ్ళీ నెట్టు. విసుగొచ్చి రెండు చెంచాల నీళ్ళు పోస్తే పూర్ణం జారైపోతుంది, దాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి గట్టిపరచాలి. ఇంత చేసినా అక్కడొకటి ఇక్కడొకటి బేడ పలుకులు మిగులుతాయి. ఆ పలుకు ఏం చేస్తుందో తట్టేవాళ్ళని అడగండి. నూనె చేత్తో ఉండను పల్చగా ఒత్తుతుంటే సరిగ్గా అది ఉన్నచోటే పై పిండి చిట్లుతుంది, అందులోంచి బెల్లం పెనం మీదికి కారి మాడుతుంది, ఆ తర్వాత వేసిన ఓళిగకు కూడా ఆ నల్ల మచ్చ అంటుకుంటుంది.

గ్రైండర్‌లో మొదటిసారి వేసినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు. డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే పూర్ణం రాళ్ళ కింద నలిగి, పక్కకు వచ్చి, గోడను గీకే పట్టీ తగిలి మళ్ళీ రాళ్ళ కిందికే పోతోంది. కాసేపటికి పసుపు రంగు కాస్త తేలిక పడి, ముద్ద నున్నగా మెరవడం మొదలైంది. వేలికి తీసుకుని రుద్దితే పలుకు తగల్లేదు. అమ్మ చిటికెడు నోట్లో వేసుకుని "రోట్లో రుబ్బినట్టే ఉంది రా" అంది. రుబ్బురోలు ముందు కూర్చుని సగం వయసు గడిపిన మనిషి కాబట్టి ఆ మాటకు విలువ వేరు. ఆ రోజు ఒక్క ఓళిగ కూడా చిరగలేదు. నెయ్యి వేసి, పక్కన వేడి పాలు పెట్టుకుని తిన్నాం, బేడలు ఉడికాక వంచిన నీళ్ళతో, అదే కట్టుతో, చారు మామూలే.

ఆ ఊపులో నేను బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను, వేసి వదిలేస్తే చాలు, దాని పని అది చేసుకుంటుందని. పిండి వరకైతే ఆ మాట ఇప్పటికీ నిజమే.

ఇక 2024 ఉగాది. పండగ ఏప్రిల్ 9న, ముందు రోజు సాయంత్రం మా పెద్దమ్మ వాళ్ళు కూడా దిగారు, కాబట్టి ఏకంగా కిలో బేడలు ఉడకేశారు. వేలితో నొక్కితే నలగాలి, కానీ చూడ్డానికి బేడ బేడగా ఉండాలి, అమ్మ లెక్క అది. నీళ్ళు వంచి, సమానంగా బెల్లం వేసి, దగ్గరపడే దాకా తిప్పి, యాలకుల పొడి వేసి దించింది. ఒకేసారి గ్రైండర్‌లో పట్టదు కాబట్టి సగం సగం వేయాలి. మొదటి వాయి బాగానే పోయింది. అది నలిగే లోపల రెండో సగం గిన్నెలో చల్లారి గట్టిపడింది, బెల్లం పాకం చల్లారితే ఎలా బిగుస్తుందో తెలుసు కదా. దాన్ని గరిటెతో ముద్దలు ముద్దలుగా వేశాను. కొంచెం సేపు తిరిగింది. తర్వాత శబ్దం మారింది, ఒక రకమైన మూలుగు. డ్రమ్ము ఆగి ఆగి తిరుగుతోంది, మోటారు మాత్రం ఆగలేదు. స్విచ్ దగ్గరికి చెయ్యి పోయే లోపల రబ్బరు కాలిన వాసన వంటిల్లంతా కమ్మేసింది.

డ్రమ్ము నిండా పూర్ణం, మధ్యలో ఇరుక్కున్న రాళ్ళు. రాత్రి తొమ్మిది దాటింది. రాళ్ళ స్టాండు బయటికి లాగడానికి నేనూ మా బామ్మర్దీ చెరో పక్క పట్టుకోవాల్సి వచ్చింది, రాళ్ళకు పట్టిన పూర్ణాన్ని చెంచాతో గీకి గీకి తీశాం. మిగిలింది మిక్సీలో వేశాం. మర్నాడు పళ్ళెంలో రెండు రకాల ఓళిగలు, నున్నగా ఉన్నవి వచ్చినవాళ్ళకు, చిరిగినవి మాకు. పెద్దమ్మకు మాత్రం ఏ తేడా తెలియలేదు, లేదా తెలిసినా అనలేదు.

అసలు కోపం తర్వాత వచ్చింది. కంపెనీ సర్వీసు సెంటర్ అతను కింది మూత విప్పి, కాలిన బెల్టు చూపించి, "గట్టి పదార్థం వేశారు సార్, దీనికి వారంటీ రాదు" అన్నాడు. కొన్నప్పుడు అంగడిలో అమ్మిన అతనే కదా పూర్ణం, వడపిండి, కొబ్బరి అన్నీ రుబ్బుతుందని చూపించింది! ఆ మాట అంటే "అమ్మేవాళ్ళు చెప్తారు సార్" అని నవ్వాడు. బెల్టు ఖరీదు కన్నా అతని చార్జి ఎక్కువైంది.

రెండోసారి బెల్టు జారినప్పుడు అక్కడికి పోలేదు. పాతూరులో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఏం రుబ్బుతారని అడిగి, పూర్ణం అనగానే "బెల్లం వేయకముందే రుబ్బుకో నాయనా, ఒట్టి బేడలు వేడి మీద రుబ్బి, తర్వాత బెల్లం కలిపి పొయ్యి మీద దగ్గరపెట్టుకో, మోటారు మీద బరువు పడదు" అన్నాడు. ఈ ఒక్క ముక్క కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు. అప్పటినుంచి అలాగే చేస్తున్నాం, బెల్టు మళ్ళీ జారలేదు. కాకపోతే అమ్మకు నచ్చలేదు. బెల్లంతో కలిసి ఉడికితేనే బేడకు లోపలిదాకా తీపి పడుతుందంటుంది. నాకు కూడా కొంచెం తేడా తెలుస్తుంది, అబద్ధం చెప్పను. మా పిల్లలకు తెలియదు. కాబట్టి ఇప్పుడు మా ఇంట్లో రాజీ ఏమిటంటే, అర కిలో లోపు చేసుకునే రోజు అమ్మ పద్ధతి, వేడి తగ్గకముందే రుబ్బేస్తాను, పక్కనుంచి కదలను. ఎక్కువ మందికైతే పెద్దాయన పద్ధతి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అలసందల వడలకు కచ్చాపచ్చాగా కావాలి, ఆపుతూ చూసుకుంటే బాగా వస్తుంది, ఏమరితే మెత్తబడి వడ నూనె పీలుస్తుంది. ఊరుబిండి పచ్చడికి మాత్రం దండగ. వేయించిన వేరుశనగ విత్తనాలు, మిరపకాయలు గుప్పెడు గుప్పెడు వేస్తాం కదా, అంతా గోడకు అతుక్కుని రాళ్ళకు అందదు. దానికి చిన్న రోలే, లేదంటే మిక్సీ ఆపి ఆపి వేసుకోవడమే. సంక్రాంతికి నువ్వుల ఓళిగల పొడికి కూడా ఇది పనికిరాదు, అది పొడి వ్యవహారం. చపాతీ పిండి కలిపే బ్లేడు ఇచ్చారు, అది అటక మీదే ఉంది. ఎండాకాలం మాత్రం దీని విలువ తెలుస్తుంది, మిక్సీలో లాగా పిండి వేడెక్కదు కాబట్టి మా ఊరి ఎండకు కూడా తెల్లారేసరికి మరీ పులిసిపోదు.

కొనొచ్చా అంటే, మీ ఇంట్లో ఎంతమంది, పండగలు ఎవరింట్లో చేసుకుంటారు అన్నదాన్ని బట్టి. మేం ఆరుగురం, పైగా పండగకు చుట్టాలు మా ఇంటికే వస్తారు, మాకు గిట్టుబాటైంది. ఇద్దరే ఉండి ఏడాదికొక్కసారి ఓళిగలు తినేవాళ్ళైతే, ఇప్పుడు వేడివేడిగా కాల్చి ఇచ్చే అంగళ్ళు ఉన్నాయి, అక్కడ కొనుక్కోవడమే నయం. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటే అసలే చెప్పను, రాళ్ళు ఎత్తి కడగడం అమ్మ వల్ల కాదు, నేను ఊళ్ళో లేని రోజు ఆ గ్రైండర్ కదలదు. డ్రమ్ము వంచుకునే టిల్టింగ్ రకం ఉంది, పిండి తీయడానికి సులువంటారు, కానీ అది మా గట్టు మీద పట్టదు. ఏది కొన్నా బిల్లుతో పాటే ఒక బెల్టు అదనంగా తెచ్చుకోండి, పండగ ముందు రోజు రాత్రి ఏ అంగడీ తెరిచి ఉండదు.