బరంపురంలో చెవి మిషన్ల దుకాణం

ఇక్కడ తెలుగులో చెబుతారు. పర్లాకిమిడి, ఛత్రపురం నుంచి వచ్చే పెద్దవాళ్లకు అదే సగం బలం. చెవి అచ్చు, అంటే చెవి కొలతకి చేసి లోపల పెట్టే ముక్క, దాని దగ్గరే తొందరపడతారు. వదులైతే మిషన్ కుయ్‌మంటుంది. సౌండు తగ్గించి పంపబోతే ఒప్పుకోకండి, అచ్చు మళ్లీ తీయించండి. గుబిలి నిండినా అదే కూత, ముందు చెవి చూపించుకోవాలి.

నారింజ స్టిక్కరున్న 13 నంబరు బ్యాటరీకి స్టిక్కరు పీకాక ఓ నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. తిరిగి అంటించినా బ్యాటరీ ఖర్చవడం ఆగదు. తేమకి మిషన్ నుంచి అచ్చుకి వెళ్లే గొట్టంలో నీటిచుక్కలు చేరి మాట తెగుతుంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బా అడిగితేనే ఇస్తారు, అదేం పొదుపో!

40 శాతం వైకల్య ధ్రువపత్రం, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు కొనేముందు వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం శిబిరం గురించి కనుక్కోండి.