ఓటీటీ చందాలు ఎందుకు రద్దవుతున్నాయి: సర్వీసుల పనితీరుపై రివ్యూ

చందా రద్దు చేసేటప్పుడు "ఎందుకు మానేస్తున్నారు?" అని యాప్ అడుగుతుంది. చాలామంది "ధర ఎక్కువ" అన్నదాని మీద నొక్కేసి బయటపడతారు. ఆ జవాబు అబద్ధమేమీ కాదు, కానీ సగమే. అదే ఖాతాలో వాచ్ హిస్టరీ తెరిస్తే మిగతా సగం దొరుకుతుంది. వారానికి నాలుగు రోజులు చూసేవాళ్లు ఒక రోజుకు వచ్చారు. ఒక సిరీస్ మూడో ఎపిసోడ్ దగ్గర ఆగింది. ఆ తర్వాత అయిదు వారాలు ఖాళీ. ధర పెంచుతున్నామన్న మెయిల్ ఆ ఖాళీలో వచ్చి పడింది. రోజూ వాడేదానికి నాలుగు డబ్బులు ఎక్కువైనా కడతాం. వాడనిదానికి పాత ధర కూడా దండగే.

అందుకే ఏ సర్వీసులో ఎన్ని సినిమాలున్నాయన్న లెక్కల జోలికి ఈ రివ్యూ పోదు. చూద్దామని కూర్చున్న మనిషిని ఆ సర్వీసు చూడనిస్తోందా, ఎక్కడ అడ్డం పడుతోంది అన్నదే ఇక్కడ కొలత.

నెలకు 5 శాతం మంది మానేస్తున్నారంటే పెద్ద సంఖ్యలా వినిపించదు. వంద మందితో లెక్క మొదలుపెట్టండి. ఏడాది తిరిగేసరికి 54 మందే మిగులుతారు. అదే 2 శాతమైతే 78 మంది ఉంటారు, 8 శాతమైతే 37కు పడిపోతారు. నెలకు వందలో ముగ్గురిని అదనంగా విసిగించడానికి పెద్ద తప్పు అక్కర్లేదు. కింద చెప్పేవన్నీ ఆ ముగ్గురిని పంపించేసే సంగతులే.

వార్తల్లో వచ్చే అంకెల్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. 2022 మొదటి మూడు నెలల్లో నెట్‌ఫ్లిక్స్ చందాదారులు 2 లక్షలు తగ్గారు. పదేళ్లకు పైగా ఎరగని తగ్గుదల కావడంతో కంపెనీ పనైపోయిందన్నట్టు రాశారు. రష్యాలో సర్వీసు ఆపేసినందువల్ల పోయిన 7 లక్షలు ఆ లెక్కలోనే ఉన్నాయి. అవి తీసేస్తే 5 లక్షలు పెరిగినట్టే. నిజంగా పట్టించుకోవాల్సిన దెబ్బ ఆ తర్వాతి మూడు నెలల్లో తగిలింది. సుమారు 9.7 లక్షల మంది తగ్గారు.

దానికన్నా పాత ఉదాహరణ ఇంకా బాగా నేర్పుతుంది. 2011లో అదే కంపెనీ అమెరికాలో అద్దెకు పంపే డీవీడీలనూ స్ట్రీమింగ్‌నూ వేరు చేసి, రెండూ కావాలంటే దాదాపు 60 శాతం ఎక్కువ కట్టమంది. డీవీడీల వ్యాపారానికి క్విక్‌స్టర్ అని వేరే పేరు, వేరే వెబ్‌సైట్ ప్రకటించింది. ఒక్క చోట జరిగే పనికి రెండు లాగిన్‌లు, రెండు జాబితాలు, రెండు బిల్లులు. ఆ ఏడాది జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో 8 లక్షల మంది పోయారు, కంపెనీ క్విక్‌స్టర్‌ను మొదలుపెట్టకుండానే మానుకుంది. ధర పెంచడంతో పాటు చాకిరీ కూడా పెంచితే ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇక బొమ్మ దగ్గరికి వద్దాం. 4కె ప్లాన్‌కు డబ్బు కట్టి, తెలియకుండానే అంతకన్నా తక్కువ క్వాలిటీలో చూస్తున్నవాళ్లు ఉన్నారు. సర్వీసులు ఈ విషయం విడమర్చి చెప్పవు. నా దృష్టిలో వాటి పెద్ద లోపాల్లో ఇదొకటి. బొమ్మ స్పష్టతను బట్టి నెట్‌ఫ్లిక్స్ సూచించే ఇంటర్నెట్ వేగాలు చూస్తే 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కెకి 15. ఇంట్లో 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉండి కూడా 4కె రావడం లేదంటే తప్పు ఎక్కువగా వేగంలో ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా కాపాడే గూగుల్ తాళం) లెవెల్ చూడాలి. అది ఎల్1 అయితేనే హెచ్‌డీ వస్తుంది. ఎల్3 అయితే చాలా సినిమాలు 480పీ దగ్గరే ఆగిపోతాయి, ఏ ప్లాన్ తీసుకున్నా అంతే. ఆండ్రాయిడ్‌లో నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ నొక్కితే ఈ లెవెల్ కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో బూట్‌లోడర్ (ఫోన్‌ను ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే ఎల్1 కాస్తా ఎల్3కి పడిపోతుంది.

టీవీకి స్టిక్ గానీ బాక్స్ గానీ తగిలించి చూస్తుంటే హెచ్‌డీసీపీ 2.2 అన్నది గుర్తుపెట్టుకోండి, హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెళ్లే వీడియోను కాపీ కాకుండా కాపాడే పద్ధతి అది. బాక్సుకూ టీవీకీ మధ్యలో పాత సౌండ్‌బార్ ఉండి దానికి ఆ వెర్షన్ లేకపోతే, బొమ్మ చెప్పాపెట్టకుండా 1080పీకి దిగిపోతుంది. బాక్సును నేరుగా టీవీకి పెట్టి చూస్తే దోషం ఎక్కడుందో రెండు నిమిషాల్లో తేలుతుంది. పాత 4కె టీవీల్లో కొన్నింటికి ఈ సదుపాయం ఒకటి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులకే ఉంటుంది కాబట్టి పోర్టు కూడా మార్చి చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉండీ రావడం లేదంటే వైఫైని 2.4 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, లేదా కేబుల్ పెట్టండి. టీవీల్లో ఉండే 100 ఎంబీపీఎస్ లాన్ పోర్టు 4కెకి ధారాళంగా సరిపోతుంది.

సర్వీసు క్వాలిటీ అసలు తేలేది చీకటి సీన్లలో. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను అయిదారు రకాల బిట్‌రేట్లలో (సెకనుకు వాడే డేటా మోతాదుల్లో) తయారుచేసి పెడతారు. మన నెట్ వేగాన్ని బట్టి ప్లేయర్ ఏ ముక్క తెచ్చుకోవాలో ఎంచుకుంటుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకునే సర్వీసు ఈ బిట్‌రేట్లను కిందికి లాగుతుంది. పగటి సీన్లలో ఆ తేడా కనిపించదు. రాత్రిపూట ఆకాశంలో చంద్రుడి చుట్టూ వెలుగు పలచబడే చోట ఆపి చూడండి. మెల్లగా కలిసిపోవాల్సిన నీలం మెట్లుమెట్లుగా విడిపోయి కనిపిస్తుంది. పొగ కదులుతుంటే చిన్న చిన్న గళ్లు పడతాయి. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండే 8 బిట్ వీడియోలో ఇది ఎక్కువ, 1024 మెట్లుండే 10 బిట్‌లో చాలా తక్కువ. కొత్త సర్వీసు తీసుకున్న రోజే ఇలాంటి సీన్ ఒకటి వెతికి చూస్తే దాని క్వాలిటీ సంగతి తెలిసిపోతుంది.

సబ్‌టైటిల్స్‌ను సర్వీసులు చిన్న విషయం కింద తీసిపారేస్తాయి. వేరే భాషల సినిమాలు చూసేవాళ్లకు అదే ప్రాణం. అవి తప్పితే రెండు రకాలుగా తప్పుతాయి. మొదటి నిమిషంలో రెండు సెకన్లు ఆలస్యమై చివర్లోనూ అదే రెండు సెకన్లుంటే టైమింగ్ మొత్తం పక్కకు జరిగింది, సులువుగా సరిచేయొచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను దూరమైతే ఫ్రేమ్ రేట్ (సెకనుకు చూపించే ఫ్రేముల సంఖ్య) తేడా. 25 ఫ్రేములకు రాసిన ఫైల్‌ను 23.976 ఫ్రేముల వీడియోకు తగిలిస్తే గంట సినిమాలో సుమారు రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. అయిదో నిమిషంలో ఒకసారి, యాభయ్యో నిమిషంలో ఒకసారి చూసి, రెండు చోట్లా ఎంత తేడా ఉందో రాసి ఫిర్యాదు పెడితే సరిచేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. "సబ్‌టైటిల్స్ బాలేవు" అని రాస్తే ఆ ఫిర్యాదు ఎక్కడికీ పోదు.

నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌కు పెట్టుకున్న హద్దులు బాగుంటాయి. వరుసకు 42 అక్షరాలు, రెండు వరుసలకు మించకూడదు, ఒక సబ్‌టైటిల్ 7 సెకన్లకు మించి తెర మీద ఉండకూడదు. ఇలాంటి హద్దు లేని చోట మూడు వరుసలు ఒక్క సెకను మెరిసి మాయమవుతాయి. ఒత్తులు, గుణింతాలు ఉండే లిపుల్లో ఇంకో బాధ కూడా ఉంది. టీవీ యాప్ అక్షరాలను సరిగ్గా కూర్చలేకపోతే ఒత్తు పక్కకు జారి విడిగా నిలబడుతుంది. డబ్బింగ్ ఆడియో పెట్టుకున్నప్పుడు తెర మీద కనిపించే ఉత్తరం, బోర్డు లాంటివాటికి కూడా అనువాదం రావాలి. చాలా చోట్ల రాదు, కథలో ముఖ్యమైన ముక్క అక్కడే పోతుంది.

హోమ్ పేజీ సంగతి. యాప్ తెరవగానే పైన పెద్ద బ్యానర్, దాని కింద కొత్త సరుకు, దాని కింద టాప్ 10. నిన్న సగంలో ఆపిన ఎపిసోడ్ నాలుగో వరుసలో ఉంటుంది. రోజూ దానికోసం నాలుగు సార్లు రిమోట్ నొక్కాలి. మధ్యలో ఏ బొమ్మ దగ్గర వేలు ఆగినా ట్రైలర్ శబ్దంతో మొదలైపోతుంది. నెట్‌ఫ్లిక్స్ ఆ ట్రైలర్లను ఆపేసుకునే సెట్టింగ్‌ను 2020 ఫిబ్రవరిలో ఇచ్చింది, కంటిన్యూ వాచింగ్ వరుసలోంచి అక్కర్లేనివి తీసేసే వీలు అన్ని పరికరాల్లోనూ 2022 జనవరిలో ఇచ్చింది. ఈ రెండూ లేని సర్వీసు వాడుతుంటే విసుగు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండానే వస్తుంది.

సిరీస్‌లను మధ్యలో ఆపేయడం మాత్రం మెల్లగా ఎక్కే విషం. రెండో సీజన్‌తో కథ తెగిపోయిన అనుభవం రెండు మూడుసార్లు ఎదురైతే, ప్రేక్షకులు పూర్తయ్యాకే మొదలుపెడదామని ఆగుతారు. వాళ్లు ఆగడం వల్ల మొదటి నెల చూసేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. ఆ సంఖ్య చూసి సర్వీసు ఇంకో సిరీస్ ఆపేస్తుంది. ఇక సొంతంగా తీసినవి ఎక్కడికీ పోవన్న నమ్మకం కూడా 2023 మేలో సడలింది. డిస్నీ ప్లస్ తన సొంత టైటిల్స్‌ను డజన్ల కొద్దీ తీసేసింది. వాచ్‌లిస్టులో పెట్టుకుని తీరిక కోసం ఎదురుచూసినవాళ్లకు ఇక ఎదురుచూడటానికి ఏమీ లేకపోయింది.

లైవ్ ఆటలు చందాదారులను గుంపుగా తెస్తాయి, గుంపుగానే తీసుకుపోతాయి. ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు డిజిటల్ హక్కులు అంతకుముందున్న హాట్‌స్టార్ నుంచి జియోసినిమా నడిపిన వయాకామ్18కు వెళ్లాయి. డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌కు 2022 అక్టోబరు మొదట్లో 6.13 కోట్ల మంది ఉండగా, 2023 జులై మొదటికి 4.04 కోట్లకు తగ్గారు. పోయినవాళ్లలో చాలామంది క్రికెట్ కోసం వచ్చినవాళ్లే. మిగతా సరుకును వాళ్లకు అలవాటు చేయడానికి దొరికిన సమయంలో ఆ పని జరగలేదు.

లైవ్‌లో ఇంకో చిక్కు ఆలస్యం. ఆరు సెకన్ల ముక్కలు మూడు చేతిలో పెట్టుకున్నాకే ప్లేయర్ మొదలవుతుంది. అంటే 18 సెకన్లు అక్కడే పోయాయి, ఎన్‌కోడింగ్ (వీడియోను పంపడానికి కుదించడం), రవాణా కలిపితే అర నిమిషం దాకా వెళుతుంది. గోల్ పడిందని పక్కింట్లో అరుపు వినిపించాక మన తెర మీద బంతి కదులుతుంది. రికార్డు చేసిన సినిమానైతే రద్దీ లేని వేళల్లోనే ఇంటర్నెట్ కంపెనీల సర్వర్లలో ముందే సర్దిపెట్టుకోవచ్చు. లైవ్‌కు ఆ వీలు లేదు. 2024 నవంబరులో మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్‌ను నెట్‌ఫ్లిక్స్‌లో ఒకేసారి గరిష్ఠంగా 6.5 కోట్ల స్ట్రీమ్‌లలో చూశారు, ఎంతోమందికి బొమ్మ తిరుగుతూ ఉండిపోయింది. సినిమాలు బాగా నడిచే సర్వీసు కాబట్టి లైవ్ కూడా బాగా నడుస్తుందనుకోకూడదు.

ప్రకటనల విషయంలో ఒక తేడా చెప్పాలి. తక్కువ ధరకు ప్రకటనల ప్లాన్ కొత్తగా పెడితే అభ్యంతరం లేదు, ఇష్టమున్నవాళ్లు తీసుకుంటారు. ప్రకటనలు లేవని కొనుక్కున్న ప్లాన్‌లోకే తర్వాత ప్రకటనలు దూర్చడం వేరు. అమెరికాలో ప్రైమ్ వీడియో 2024 జనవరి 29 నుంచి ఆ పని చేసింది. ప్రకటనలు వద్దంటే అప్పట్లో నెలకు 2.99 డాలర్లు అదనంగా కట్టమంది, కట్టనివాళ్లకు డాల్బీ విజన్ (మెరుగైన రంగులు), అట్మాస్ (చుట్టూ వినిపించే శబ్దం) కూడా పోయాయి. కట్టే డబ్బు మారలేదు, దానికి వచ్చే సరుకు తగ్గింది. నా లెక్కలో అది ధర పెంచడమే.

పాస్‌వర్డ్ పంచుకోవడం ఆపితే జనం వెళ్లిపోతారని చాలామంది అన్నారు, అలా జరగలేదు. నెట్‌ఫ్లిక్స్ 2023 మేలో అమెరికాతో సహా వంద దేశాలకు పైగా దీన్ని అమలు చేసింది. ఆ ఏప్రిల్, జూన్ మధ్య 59 లక్షల మంది కొత్తగా చేరారు. చూసే అలవాటు ఉన్న చోట కోపం వచ్చినా కడతారనడానికి ఇది సాక్ష్యం.

వెళ్లాలని అనుకోకుండానే పోయేవాళ్లు కూడా ఉంటారు. కార్డు గడువు తీరుతుంది, ఖాతాలో ఆ రోజు డబ్బు ఉండదు, బ్యాంకు అనుమానపడి తిప్పికొడుతుంది. డబ్బు చాలకపోతే రెండు మూడు రోజులాగి మళ్లీ ప్రయత్నించాలి. కార్డు రద్దయిందంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు, కొత్త కార్డు అడగాలి. ఈ రెంటినీ ఒకేలా చూసే సర్వీసు అనవసరంగా మనుషుల్ని పోగొట్టుకుంటుంది. మంచి సర్వీసు కొన్ని రోజులు చూడనిస్తూనే, టీవీ తెర మీద క్యూఆర్ కోడ్ చూపించి పేమెంట్ ఆగిందని సూటిగా చెబుతుంది. చెడ్డది "ఏదో తప్పు జరిగింది" అని ఒక ఎర్రర్ నంబర్ చూపించి ఊరుకుంటుంది. పేమెంట్ సంగతి తెలియని మనిషి రౌటర్ ఆపి వేసి, యాప్ తీసేసి మళ్లీ వేసి, చివరికి వదిలేస్తాడు.

రద్దు చేసే దారి సులువుగా ఉండటమే సర్వీసుకు మేలు. అమెజాన్ ప్రైమ్ రద్దు చేయడానికి నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు దాటాల్సి వచ్చేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో వేసిన దావాలో ఆరోపించింది. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు ఆ కేసు రాజీ అయింది. దీనికి పూర్తి ఎదురుగా, చేరి ఏడాదైనా ఏమీ చూడనివాళ్లను, రెండేళ్లకు పైగా చూడటం మానేసినవాళ్లను కొనసాగిస్తారా అని అడిగి, జవాబివ్వకపోతే చందా తానే ఆపేస్తానని నెట్‌ఫ్లిక్స్ 2020 మేలో ప్రకటించింది. అమెరికా సర్వీసు హులూ అయితే 12 వారాల వరకు పాజ్ చేసుకోనిస్తుంది. ఒక సిరీస్ కోసం వచ్చి, అయిపోగానే వెళ్లి, మళ్లీ వచ్చేవాళ్లు ఇప్పుడు మామూలైపోయారు. వాళ్లకు పాజ్ బటన్ ఇచ్చి, ప్రొఫైల్, వాచ్‌లిస్టు భద్రంగా దాచిన సర్వీసుకే వాళ్లు తిరిగొస్తారు.

రద్దు చేసుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. డబ్బు ఎక్కడ కట్టారో అక్కడే ఆపాలి. యాపిల్ ద్వారా కడితే యాపిల్ సబ్‌స్క్రిప్షన్స్‌లో, గూగుల్ ప్లే ద్వారా కడితే అందులో, మొబైల్ కంపెనీ ప్యాక్‌తో వస్తే వాళ్ల దగ్గర. యాపిల్‌లో రెన్యువల్‌కు కనీసం 24 గంటల ముందు చేయాలి. రద్దయినట్టు మెయిల్ వచ్చిందో లేదో చూసి, అందులో ఏ తేదీ వరకు చూడొచ్చని రాశారో ఆ ముక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మెయిల్ రాలేదంటే చందా ఇంకా నడుస్తున్నట్టే అనుకుని మళ్లీ వెళ్లి చూడండి.