1995 జపాన్ కేస్ స్టడీ: కోబే భూకంపమా, టోక్యో సారిన్ దాడా – ఏది మేలు?

విపత్తు నిర్వహణ పేపరుకి తయారయ్యేవాళ్ల నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంటుంది: "జపాన్ నుంచి ఒక్క ఉదాహరణే రాయాలంటే 1995లో ఏది తీసుకోవాలి?" సందేహం సహజమే. రెండు నెలల తేడాలో రెండు దెబ్బలు తగిలాయి ఆ దేశానికి. జనవరి 17 తెల్లవారుజామున 5:46కి కోబే భూకంపం. మార్చి 20 సోమవారం, జనం ఆఫీసులకి పరుగెత్తే వేళ టోక్యో మెట్రోలో ఓమ్ షిన్‌రిక్యో అనే మతసంస్థ వదిలిన సారిన్ అనే విషరసాయనం. ఆ ఏడాదికి గుర్తుగా ఒక అక్షరాన్ని ఎంచుకునే ఆనవాయితీ జపాన్‌లో 1995లోనే మొదలైంది. మొదటి అక్షరంగా తేలింది 'షిన్', అంటే కంపించడం.

రెండు ఘటనల్లోనూ ఏం జరిగిందో మీరు చదివే ఉంటారు, కథ మళ్లీ చెప్పను. ఎంపికకి నేను పెట్టే పరీక్ష మూడు మెట్లది. తప్పు ఎక్కడ జరిగిందో తేలిందా? దానికి తగ్గట్టు ఏ నిబంధన మారింది? ఆ మార్పు పనిచేసిందో లేదో తర్వాతి విపత్తులో లెక్క దొరికిందా? మొదటి రెండూ చాలా ఘటనల్లో దొరుకుతాయి. మూడోది అరుదు. అది లేని ఉదాహరణ ఎంత బాగా రాసినా కథగానే మిగులుతుంది.

ముందు కోబే. 6,434 మంది చనిపోయారు. ఆ నగరంలోని నగాతా వార్డు మీద కమ్మిన పొగ ఫొటోలు చూసినవాళ్లు వీళ్లంతా మంటల్లో పోయారనుకుంటారు. మంటలకి సుమారు 7,000 కట్టడాలు కాలిన మాట నిజం. కానీ మృతుల్లో అత్యధికులు సొంత ఇంటి కింద నలిగి, ఊపిరాడక పోయినవాళ్లు. అదీ చాలామంది మొదటి కొన్ని నిమిషాల్లోనే.

ఇల్లు ఎందుకు కూలిందో జవాబులో రాయగలిగితే సగం పని అయినట్టే. ఆ ప్రాంతపు పాత చెక్క ఇళ్లలో కప్పు మీద మట్టి పరిచి, దాని మీద పెంకులు పరిచేవారు. తుఫాను గాలికి కప్పు ఎగిరిపోకుండా బరువు కావాలి కదా. కింద అంతస్తులో వీధి వైపు దుకాణమో, వెడల్పాటి తలుపులో ఉంటాయి కనక ఆ వైపు గోడ తక్కువ. ఐమూలగా బిగించే కొయ్యలు ఉండవు, ఉన్నా చాలవు. స్తంభం మొనని దూలానికి తొలిచిన రంధ్రంలోకి దిగగొట్టి వదిలేస్తారు, ఇనుప పట్టీ ఉండదు. స్తంభం పాదం దగ్గర తేమ, చెదలు. ఇలాంటి ఇంటికి మూడు వైపులా గోడ ఉండి ఒక వైపు ఖాళీగా ఉంటే భూకంపంలో అది ఊగి ఊరుకోదు, మెలితిరుగుతుంది. మెలితిరిగేటప్పుడు మూల స్తంభం మొన రంధ్రంలోంచి పైకి ఊడొస్తుంది. ఆ వెంటనే పై అంతస్తు మొత్తంగా దిగి కింది గదుల్ని తొక్కేస్తుంది. మెట్లెక్కలేని ముసలివాళ్లు పడుకునేది ఆ కింది గదుల్లోనే. మృతుల్లో సగానికి పైగా 60 ఏళ్లు దాటినవాళ్లు కావడానికి ఇదొక కారణం.

ఇదే లెక్క మనకీ తెలుసు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరులో బరువైన కప్పులు, మట్టితో పేర్చిన రాతిగోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. కట్టిన సరుకు వేరు, చంపిన తీరు ఒకటే. జవాబులో కోబే పక్కన లాతూరు పెడితే పోలిక సహజంగా కుదురుతుంది.

ఇక నిబంధనలు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు రాస్తారు: కోబే తర్వాత జపాన్ కొత్త భూకంప ప్రమాణం తెచ్చిందని. ఆ ప్రమాణం 1981 జూన్ నుంచే అమల్లో ఉంది. దానికి దారితీసింది 1978 మియాగి భూకంపం. కోబే చేసింది ఏమిటంటే, 1981కి ముందు కట్టినవీ తర్వాత కట్టినవీ పక్కపక్కనే నిలబెట్టి తేడా చూపించడం. కాబట్టి 1995లో వచ్చిన చట్టం కొత్త ఇళ్లకోసం కాదు. పాత కట్టడాలకి తనిఖీ, బలోపేతం ప్రోత్సహించే చట్టం అది, డిసెంబర్ 25 నుంచి అమలైంది. కొత్త చెక్క ఇళ్ల సంగతి 2000లో సరిచేశారు. ఏ స్తంభం పాదానికి, ఏ మొనకి ఎలాంటి లోహపు బిగింపు పెట్టాలో నిర్దేశించారు. ఇంటిని ప్రతి దిశలోనూ నాలుగు పట్టీలుగా విడగొట్టి, రెండు చివరి పట్టీల్లో గోడలు సరిపడా ఉన్నాయా, సమతూకంగా ఉన్నాయా చూడాలన్నారు. మెలితిరుగుడికి మందు అదే.

మూడో మెట్టు 2016లో దొరికింది. ఏప్రిల్ 14, 16 తేదీల్లో కుమామొతో రాష్ట్రంలోని మషికి పట్టణాన్ని భూకంపం 7 తీవ్రతతో రెండుసార్లు కుదిపేసింది. పట్టణం నడిబొడ్డున ఇల్లిల్లూ లెక్కపెట్టారు. కూలిన చెక్క ఇళ్ల వాటా 1981కి ముందు కట్టినవాటిలో 28.2 శాతం, 1981–2000 మధ్యవాటిలో 8.7 శాతం, 2000 తర్వాతవాటిలో 2.2 శాతం. కారణం, నిబంధన, ఫలితం మూడూ ఒకే వరుసలో ఇంత శుభ్రంగా దొరికే ఉదాహరణ విపత్తుల చరిత్రలో తక్కువ. నా మొగ్గు ఎటో ఇక్కడే తెలిసిపోయిందనుకోండి.

అయితే కోబేని పొగడ్తగా రాయకండి. 1995 చట్టం మామూలు ఇంటి యజమాని మెడ మీద కత్తి పెట్టదు. ప్రయత్నించమంటుంది, సబ్సిడీ ఇస్తుంది. ఎనభై ఏళ్ల ముసలావిడ, పిల్లలు నగరంలో, ఇల్లు తన తర్వాత ఖాళీ. ఆవిడ లక్షల యెన్‌లు పోసి గోడలు ఎందుకు బిగిస్తుంది? 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో ఇళ్లు అన్ని కూలడం వెనక ఈ ప్రశ్నే ఉంది.

కోబేలో ఇంకో బలమైన పాయింటు, ఎవరు ఎవర్ని బయటికి తీశారన్నది. శిథిలాల్లో ఇరుక్కుని తమంతట తాము రాలేకపోయినవాళ్లు సుమారు 35,000 మంది అని అంచనా. అందులో దాదాపు 27,000 మందిని లాగింది ఇరుగుపొరుగే. ఫైర్, పోలీసు, సైన్యం కలిపి మిగతావాళ్లని. అవాజి దీవిలోని హొకుదాన్‌లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో స్థానిక స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి తెలుసు, కాబట్టి తవ్వాల్సిన చోటే తవ్వి సుమారు 300 మందిని ఆ రోజే తీశారు. ఆలస్యమైతే ఏమవుతుందో కూడా కోబే లెక్కలే చెబుతాయి. మొదటి రోజు తీసినవాళ్లలో ముప్పాతిక మంది దాకా బతికితే, మర్నాటికి అది పావువంతు దగ్గరికి పడిపోయింది. శిథిలాల నుంచి ప్రాణాలతో తీయడానికి గడువు '72 గంటలు' అని మనం రాసే మాటకి ఆధారం ఇలాంటి అంకెలే.

సైన్యం ఆలస్యం గురించి రెండు మాటలు చాలు. సైన్యం కదలడానికి కావాల్సిన రాష్ట్ర గవర్నరు అభ్యర్థన ఉదయం 10 గంటలకి గానీ వెళ్లలేదు. ఆ తర్వాత, అభ్యర్థన లేకుండానే ఎప్పుడు కదలొచ్చో స్పష్టం చేశారు, గవర్నరుని అందుకోలేకపోతే మేయరే నేరుగా తెలియజేసే వీలు కల్పించారు. నీటి పైపులు పగిలి ఫైర్ హైడ్రెంట్లలో చుక్క రాకపోవడం, కరెంటు తిరిగి ఇవ్వగానే బోర్లాపడిన హీటర్ల నుంచీ నలిగిన తీగల నుంచీ కొత్త మంటలు లేవడం కూడా పనికొచ్చేవే. ఈ రెండోదానికి విరుగుడుగానే కుదుపు తగలగానే దానంతటదే పడిపోయే మెయిన్ బ్రేకర్లని అక్కడ ఇళ్లలో పెట్టుకోమంటున్నారు.

ఇప్పుడు సారిన్. తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మూడు లైన్లు, అయిదు రైళ్లు, 11 సంచులు. దినపత్రికల్లో చుట్టిన ప్లాస్టిక్ సంచుల్ని గొడుగు మొనతో పొడిచి దిగిపోయారు. శుద్ధి తక్కువ సరుకు, పిచికారీ చేసే సాధనం లేదు, నేలమీద కారి దానంతటది ఆవిరి కావాలి. అందుకే మృతుల సంఖ్య 14 దగ్గర ఆగింది, గాయపడ్డవాళ్లు 6,000 దాటారు. ఈ నిష్పత్తే ఈ కేసులో అసలు పాఠం. రసాయన దాడిలో ఆసుపత్రిని ముంచేది మృతులు కాదు, నడిచొచ్చేవాళ్లు.

సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్కరోజే 640 మంది వచ్చారు. చాలామంది అంబులెన్సు కోసం ఆగలేదు, కాలినడకనా టాక్సీల్లోనూ వచ్చేశారు. అంటే బట్టల మీద విషం అలాగే ఉంది. మొదట్లో వచ్చిన సమాచారం అసిటోనైట్రైల్ అనే వేరే రసాయనం అని; సారిన్ అని తేలేసరికి ఉదయం 11 అయింది. బట్టలు విప్పించి కడిగే ఏర్పాటు లేదు, రోగుల్ని పడుకోబెట్టిన ప్రార్థనామందిరంలో గాలి ఆడదు. ఆసుపత్రి సిబ్బందిలో 472 మందిని అడిగితే 110 మంది తమకీ లక్షణాలు వచ్చాయన్నారు. విచిత్రమేమిటంటే ఆదుకున్నదీ ఆ మందిరమే. పెద్ద విపత్తులో వార్డుగా మార్చుకునేలా గోడల్లో ముందే ఆక్సిజన్ పైపులు వేసి కట్టారు దాన్ని.

మన పాఠకుడికి ఇందులో దగ్గరి బంధుత్వం ఒకటుంది. సారిన్ కూడా మన పురుగుమందుల్లాంటి ఆర్గానోఫాస్ఫరస్ విషమే. పురుగుమందు తాగిన కేసులకి మన జిల్లా ఆసుపత్రుల్లో ఎక్కించే ఎట్రోపిన్, ప్రాలిడాక్సిమ్‌లే (పామ్ అంటారు) అక్కడా వాడారు. టోక్యోలో పామ్ నిల్వలు చాలక నగోయా నుంచి షింకాన్‌సెన్ (బుల్లెట్) రైల్లో తెప్పించారు. వ్యవసాయ జిల్లాల్లో ఉండే మందు మహానగరంలో చాలకపోవడం అన్న ఈ ఒక్క వివరం, పేజీడు సిద్ధాంతం కన్నా ఎక్కువ చెబుతుంది.

మరి సారిన్ ఎందుకు రెండోస్థానం? రెండో మెట్టు దాకా బాగానే వస్తుంది. ఏప్రిల్‌లోనే సారిన్ తయారీ, నిల్వలపై చట్టం. డిసెంబరులో మతసంస్థల చట్టం సవరణ. ఓమ్ షిన్‌రిక్యోని విధ్వంసక చర్యల నిరోధక చట్టం కింద రద్దు చేయాలన్న ప్రతిపాదనని 1997 జనవరిలో తిరస్కరించారు. 1999లో నిఘా చట్టం వచ్చింది. 2018 జులైలో 13 మందికి ఉరి. కానీ ఇవన్నీ పనిచేశాయా అంటే కొలిచేది దేంతో? మళ్లీ అలాంటి దాడి జరగలేదు. చట్టం ఆపిందా, చేసేవాడే లేడా, చెప్పలేం. పైగా తొమ్మిది నెలల ముందే, 1994 జూన్‌లో మత్సుమొతోలో అదే సారిన్‌తో మనుషుల్ని చంపితే, పోలీసులూ పత్రికలూ పక్కింటి అమాయకుడి మీద పడ్డారు. ఆ వైఫల్యం దర్యాప్తుది, దాన్ని విపత్తు నిర్వహణ జవాబులో ఇరికిస్తే దారి తప్పుతుంది. అంతర్గత భద్రత మీద ప్రశ్న వస్తే మాత్రం సారినే రాయండి, కోబే అక్కడ దండగ. భోపాల్‌తోనో, 2020 విశాఖ స్టైరీన్ లీకుతోనో దీన్ని జోడించేటప్పుడు జాగ్రత్త: అవి పారిశ్రామిక ప్రమాదాలు, ఇది దాడి. ఆసుపత్రి వరకే పోలిక నిలుస్తుంది.

1995లో మిగతావి కొందరు అడుగుతారు. డిసెంబర్ 8న మోంజు అణు రియాక్టరులో సోడియం లీకు: అణుభద్రత ప్రశ్నకి పనికొస్తుంది, కానీ ఫుకుషిమా ఉండగా అటు పోనక్కర్లేదు. ఏప్రిల్‌లో డాలరు 80 యెన్‌ల కిందికి పడడం ఆర్థిక పేపరుది. ఆగస్టు 15న యుద్ధకాలపు దురాక్రమణకి క్షమాపణ చెబుతూ ప్రధాని మురయామా ప్రకటన, శరదృతువులో ఒకినావాలో అమెరికా స్థావరాల మీద నిరసనలు అంతర్జాతీయ సంబంధాలవి. విండోస్ 95 కోసం అర్ధరాత్రి బారులు తీరడం ముచ్చటగా ఉంటుంది, అంతే.

కోబే ఎంచుకుంటే అంకెల్లో జారే చోట్లు ఇవి. భూకంప మాగ్నిట్యూడ్‌ని జపాన్ వాతావరణ సంస్థ మొదట 7.2 అన్నది, తర్వాత 7.3కి సవరించింది, అంతర్జాతీయ పుస్తకాల్లో కనిపించే 6.9 మొమెంట్ మాగ్నిట్యూడ్. ఏది రాసినా ఏ కొలమానమో రాయాలి. '7 తీవ్రత' అన్నది మాగ్నిట్యూడ్ కాదు, ఒక చోట నేల ఎంత ఊగిందో చెప్పే జపాన్ సొంత కొలత. మృతులు 5,500 దగ్గర అని పాత పుస్తకాల్లో ఉంటే, ఆ తర్వాత శిబిరాల్లోనూ ఆసుపత్రుల్లోనూ పోయినవాళ్లని కలపనందువల్ల. సారిన్‌కి 12, 13, 14 మూడూ కనిపిస్తాయి. 2020లో ఒక బాధితురాలు చనిపోవడంతో 14 అయింది.

250 పదాల జవాబులో కోబేకి 90 మించనివ్వకండి. ఇల్లు మెలితిరిగి కూలిన తీరుకి 30, 1981–1995–2000 నిబంధనలకి 30, మషికి మూడు శాతాలకి 20. మిగిలిన పదిలో, విపత్తు ముప్పు తగ్గించడానికి ఐక్యరాజ్యసమితి సదస్సులో దేశాలు ఒప్పుకున్న హ్యోగో ఫ్రేమ్‌వర్క్‌ని తగిలించండి. అందరూ బట్టీపట్టే ఆ పేరు కోబే రాజధానిగా ఉన్న రాష్ట్రానిదే. భూకంపానికి పదేళ్లు నిండిన వారంలోనే, 2005 జనవరిలో, ఆ ఊళ్లోనే దాన్ని ఆమోదించారు. మన విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది ఆ ఏడాది చివర్లోనే.